మెత్తటి సీటే మంచి సీటు అనుకోవద్దు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే విషయం మీద ఉన్నాయి: సైకిల్ సీటు. మూడింటి చివర "పేరు వేయొద్దు" అని రాశారు. వేయను. కానీ సమాధానాలు మాత్రం దాచకుండా రాస్తాను. ఈ నొప్పి గురించి సొంత అక్కచెల్లెళ్లతో కూడా చెప్పుకోలేక, సైకిల్‌ను మెట్ల కింద పెట్టేసి మళ్లీ ముట్టుకోని ఆడవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది ఉన్నారు.

ప్రశ్న: అక్కా, నాకు 38 ఏళ్లు. అనంతపురంలో రుద్రంపేట వైపు నుంచి క్లాక్ టవర్ దగ్గరున్న ఆఫీసుకు రోజూ సైకిల్ మీద పోతున్నా. గేర్ల సైకిల్, సీటు సన్నగా ఉంటుంది. మొదలుపెట్టి నెల కూడా కాలేదు, ముందు భాగంలో ఒకటే నొప్పి, ఒక్కోసారి తిమ్మిరెక్కి స్పర్శే తెలీదు. షాపులో అడిగితే జెల్ కవర్ ఇచ్చారు, అది వేశాక ఇంకా ఎక్కువైంది. మా ఆయన "అలవాటు పడాలి, ఓపిక పట్టు" అంటాడు. మా అత్త మానేయమంటుంది. నాకు మానడం ఇష్టం లేదు. నా ఒంట్లోనే ఏదన్నా తేడా ఉందా?

జవాబు: మీ ఒంట్లో ఏ తేడా లేదమ్మా, ముందు ఆ టెన్షన్ తీసేయండి. తేడా సీటులో ఉంది, లేదా సీటు బిగించిన తీరులో ఉంది. చాలాసార్లు రెండింట్లోనూ ఉంటుంది.

మీ ఆయన చెప్పిన మాట సగం నిజం. సైకిల్ మీద రెండు రకాల నొప్పులు వస్తాయి. మనం గట్టి అరుగు మీద కూర్చున్నప్పుడు పిరుదుల కింద రెండు ఎముకలు తగులుతాయి చూడండి, వాటి దగ్గర వచ్చే నొప్పి ఒకటి. కొత్తగా తొక్కేవాళ్లకు అది సహజం, రెండు మూడు వారాలు రోజూ కొంచెం కొంచెం తొక్కితే తగ్గిపోతుంది. దీనికి ఓపిక పట్టొచ్చు. రెండోది ముందు వైపు, మెత్తటి భాగంలో వచ్చే నొప్పి, వాపు, తిమ్మిరి. దీనికి అలవాటు పడటం అనేది లేదు, పడకూడదు కూడా. అక్కడున్న నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోతున్నాయని ఒళ్లు చెప్పే మాట అది. మీకు వస్తున్నది ఈ రెండోది. కాబట్టి ఓపిక పట్టకండి, సీటు మార్చండి.

జెల్ కవర్ వేస్తే ఎందుకు ఎక్కువైందో చెప్తాను, ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేసి ఏడాది బాధపడ్డాను. కర్నూలులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కొన్న షాపులో కూడా అదే అంటగట్టారు, వేలితో నొక్కి చూస్తే దూదిలా ఉంది, సంతోషంగా తెచ్చుకున్నాను. సీటు మరీ మెత్తగా ఉంటే ఆ రెండు ఎముకలు అందులో దిగబడిపోతాయి. అవి దిగబడినప్పుడు మధ్యలో ఉన్న జెల్ పైకి ఉబ్బుతుంది, ఉబ్బి సరిగ్గా ఎక్కడ నొక్కకూడదో అక్కడే నొక్కుతుంది. పైగా ఆ కవర్ అటూ ఇటూ జరుగుతుంటే ఒరిపిడి. చివరికి డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన చూడకుండానే "సైకిల్ మానేయమ్మా" అన్నారు. సీటు గురించి ఒక్క మాట అడగలేదు. ఆ రోజు నాకు వచ్చిన కోపమే ఇప్పుడు నాతో ఇంత పొడుగు సమాధానం రాయిస్తోంది.

సరే, ఏం చేయాలో చూద్దాం. మీ బరువంతా ఆ రెండు ఎముకల మీద పడాలి, ముందు భాగం మీద పడకూడదు. అలా పడాలంటే సీటు వెనక భాగం ఆ ఎముకలు రెండూ ఆనేంత వెడల్పు ఉండాలి. సగటున మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఈ ఎముకల మధ్య దూరం ఎక్కువ, కానీ అందరికీ ఒకేలా ఉండదు. లావుగా ఉన్నవాళ్లకు ఎక్కువ, సన్నగా ఉన్నవాళ్లకు తక్కువ అనీ కాదు, అది ఎముకల కొలత, కండ కొలత కాదు. సన్నటి మనిషికి వెడల్పు సీటు కావాల్సి రావచ్చు. చూసి చెప్పలేం, కొలవాల్సిందే.

కొలవడం ఇంట్లోనే అవుతుంది. టీవీనో మిక్సీనో వచ్చిన అట్టపెట్టెలోంచి ఒక ముక్క కోయండి, లోపల అలలు అలలుగా ఉండే అట్ట కావాలి. దాన్ని మెట్టు మీదనో కడప బండల అరుగు మీదనో వేయండి, కింద మాత్రం గట్టిగా ఉండాలి, పరుపు, సోఫా పనికిరావు. పల్చటి బట్టలతో దాని మీద కూర్చుని, సైకిల్ హ్యాండిల్ పట్టుకున్నట్టు కొంచెం ముందుకు వంగి, మడమలు పైకెత్తి ఒక నిమిషం అలాగే ఉండండి. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. సరిగ్గా కనబడకపోతే కొంచెం ముగ్గుపిండి చల్లి దులపండి, గుంటల్లో పిండి నిలబడుతుంది. ఒక గుంట నడిమి నుంచి ఇంకో గుంట నడిమికి స్కేలు పెట్టి కొలవండి. చాలామందికి 10 నుంచి 15 సెంటీమీటర్ల మధ్య వస్తుంది.

వచ్చిన అంకెకు 2 సెంటీమీటర్లు కలపండి. సీటు అంచులు కిందికి వంగి ఉంటాయి కదా, ఆ వంపు మీద ఎముక ఆనితే జారుతుంది, అందుకు ఈ కలపడం. మీరు నిటారుగా కూర్చుని తొక్కే రకమైతే 3 కలపండి. ఉదాహరణకు మీకు 12.5 వచ్చిందనుకోండి, 14.5 నుంచి 15.5 సెంటీమీటర్ల సీటు వెతకాలి. టేపు పట్టుకుని షాపుకు పోండి, సీటు వెనక బాగా వెడల్పున్న చోట కొలవండి. ఇప్పుడున్న సీటు కూడా కొలిచి చూడండి, సన్నటి సీట్లు కొన్ని 13 కూడా ఉండవు, రెండు ఎముకలూ అంచుల బయట వేలాడుతుంటే బరువు ఇంకెక్కడ పడుతుంది చెప్పండి, మధ్యలోనే.

వెడల్పు సరిపోయాక రెండోది నడిమి భాగం. మధ్యలో పొడుగ్గా కోసిన ఖాళీ గానీ, కనీసం లోతైన గాడి గానీ ఉన్న సీటు తీసుకోండి. ఇది కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. 1890ల్లో యూరప్‌లో, అమెరికాలో ఆడవాళ్లు గుంపులు గుంపులుగా సైకిళ్లు ఎక్కినప్పుడు, సీటు వల్ల చెడిపోతారని డాక్టర్లే కొందరు గోల చేశారు, అప్పుడే మధ్యలో ఖాళీ వదిలిన సీట్లు తయారుచేసి అమ్మారు. నూట ముప్పై ఏళ్ల కిందటే దొరికిన పరిష్కారం మన ఊరి షాపులో అడిగితే ఇంకా వింతగా చూస్తున్నారు. చూడనీయండి. "మధ్యలో కటింగ్ ఉన్న సీటు, వెనక పదిహేను సెంటీమీటర్లు" అని గట్టిగా చెప్పండి. లేకపోతే తెప్పించమనండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే వెనక్కి తీసుకునే వీలున్నదే చూసి, ప్లాస్టిక్ కవర్ తీయకుండా బిగించి రెండు రోజులు ఇంటి చుట్టుపక్కల తొక్కి చూడండి. కింద ఉండే రెండు కమ్ములు దాదాపు అన్ని సైకిళ్లకూ ఒకే కొలతలో వస్తాయి, కాబట్టి పడుతుందో లేదో అన్న బెంగ వద్దు. పాత రోజుల స్ప్రింగు సీటు బిగింపు అయితే ఒక్కసారి మెకానిక్‌కు చూపించండి.

కొత్త సీటు కొనేముందు ఉన్న సీటునే సరిచేసి చూడండి, కొందరికి దీనితోనే సగం బాధ పోతుంది. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూడండి, అలా ఉంటే ముందు భాగం నొక్కుకోక తప్పదు. సైకిల్‌ను సమంగా ఉన్న నేల మీద నిలబెట్టి, సీటు మీద ఒక అట్ట పుస్తకం పెట్టి, దాని మీద ఫోన్‌లోని లెవెల్ యాప్ పెట్టి సమంగా బిగించండి. అప్పటికీ నొక్కుతుంటే ముక్కును ఒకటి రెండు డిగ్రీలు కిందికి దించండి. మరీ దించితే ముందుకు జారిపోయి బరువంతా చేతుల మీద పడుతుంది, మణికట్లు లాగుతాయి. ఈ వంపు ఎంత పెద్ద విషయమంటే, సైకిల్ పోటీలు నడిపే అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ ఒకప్పుడు సీటును రెండున్నర డిగ్రీలకు మించి వంచనిచ్చేది కాదు, రేసుల్లో వంగి తొక్కే ఆడవాళ్ల ఇబ్బంది గురించి గట్టిగా అడిగాక 9 డిగ్రీల దాకా ఒప్పుకుంది. ఒలింపిక్స్‌కు పోయే అమ్మాయిలకు కూడా ఇదే నొప్పి, వాళ్లు నోరు తెరిచి చెప్పారు కాబట్టి నియమం మారింది.

ఎత్తు కూడా చూసుకోండి. సీటు మీద కూర్చుని, పెడల్ బాగా కిందున్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మామూలుగా పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. అంతకంటే ఎత్తుంటే ప్రతి తొక్కుకూ నడుము అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊగుడుకు తొడల సందులో ఒరుసుకుపోతుంది. తక్కువుంటే కాళ్ల మీద పడాల్సిన బరువు సీటు మీద పడుతుంది, మోకాళ్లు కూడా నొస్తాయి. సిగ్నల్ దగ్గర రెండు కాళ్లూ నేలకు ఆనాలని మనవాళ్లు సీటు బాగా దించేస్తారు. ఆగినప్పుడు సీటు మీంచి ముందుకు దిగి నిలబడటం నేర్చుకుంటే ఆ అవసరం ఉండదు, వారం రోజుల్లో వచ్చేస్తుంది. హ్యాండిల్ మరీ దూరంగానో కిందికో ఉంటే వంగాల్సి వస్తుంది, వంగితే మళ్లీ ముందు భాగమే నొక్కుకుంటుంది, కనీసం సీటంత ఎత్తుకైనా హ్యాండిల్ లేపించుకోండి.

ఇక బట్టలు. జీన్స్ వద్దు, సరిగ్గా నాలుగు కుట్లు కలిసే లావుపాటి ముడి సీటు మీదికే వస్తుంది. లోపల వేసుకునేవి కూడా అంచు కుట్లు లావుగా లేనివి చూసుకోండి. దూరం తక్కువైతే మెత్తటి లెగ్గింగ్ చాలు. గంట, రెండు గంటలు తొక్కేవాళ్లయితే ప్యాడ్ ఉన్న సైకిల్ షార్ట్స్ మీద లూజు ప్యాంటు వేసుకోవచ్చు, ఆ షార్ట్స్ లోపల మాత్రం ఇంకేమీ వేసుకోకూడదు, వేస్తే ప్యాడ్ పెట్టిన ప్రయోజనమే పోతుంది, ప్రతిసారీ ఉతకాలి. ఒరుసుకునే చోట కొంచెం వాజెలిన్ రాసుకోండి. ఆఫీసుకు చేరగానే చెమట బట్టలు మార్చుకోండి, మన అనంతపురం ఎండకు అవి ఒంటి మీదే ఆరితే పొక్కులు ఖాయం. ఇంకొకటి, షేవింగ్. గీసిన చోట వెంట్రుకలు లోపలికి తిరిగి పొక్కులవుతాయి, వాటి మీద కూర్చుని తొక్కితే పుండ్లు. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు బ్రిటన్ మహిళా సైక్లిస్టులకు నిపుణులు చెప్పిన ముఖ్యమైన సలహాల్లో షేవింగ్ మానమన్నది ఒకటి. కావాలంటే కత్తెరతో పొట్టిగా కత్తిరించుకోండి.

నల్ల రెక్సిన్ సీటును ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పెట్టి సాయంత్రం ఎక్కితే కాలిన పెనమే. నీడ లేకపోతే ఒక తెల్ల గుడ్డ కప్పిపెట్టి, ఎక్కేముందు తీసేయండి. స్పీడ్ బ్రేకర్ వస్తే పెడళ్లు రెండూ సమంగా పెట్టి, సీటు మీంచి కొంచెం లేవండి. అయిదు నిమిషాలకొకసారి అయినా అలా లేస్తే రక్తం ఆడుతుంది. టైర్లలో గాలి రాయిలాగా కొట్టించకండి, ఎంత పట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది.

ఇప్పుడైతే ఆ తిమ్మిరి పూర్తిగా పోయేదాకా ఓ నాలుగు రోజులు ఆపండి. ఇవన్నీ మార్చాక కూడా వాపు, గడ్డ, తిమ్మిరి తగ్గకపోతే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వాళ్లు సైకిల్ మానేయమంటే, "సీటు మార్చాను, ఇప్పుడు ఏం చేయాలో చెప్పండి" అని అడగండి.

ప్రశ్న: మేడమ్, మాది కడప. మా పాప తొమ్మిదో తరగతి, రోజూ సైకిల్ మీదే బడికి పోతుంది. పది రోజులుగా కింద నొప్పి అంటోంది, మూత్రానికి పోతే మంట అని ఏడ్చింది. ఇంటి పక్కన ఒకామె "ఆడపిల్లకు సైకిల్ ఎందుకు, రేపు పెళ్లప్పుడు ఇబ్బంది" అంది. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. మాన్పించాలా?

జవాబు: మాన్పించకండమ్మా. పాపను డాక్టర్‌కు మాత్రం ఈ వారమే చూపించండి. మంట సీటు ఒరిపిడి వల్ల రావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్లా రావచ్చు, మూత్ర పరీక్షలో తేలిపోతుంది. బడిలో బాత్రూమ్ బాగాలేదని నీళ్లు తాగకుండా, రోజంతా ఆపుకునే పిల్లలు చాలామంది, వాళ్లకు ఇలాంటి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ వస్తాయి. తిట్టకుండా మెల్లగా అడగండి, చెప్తుంది.

తర్వాత సైకిల్ చూడండి. పిల్లలకు "రేపు పెరుగుతారు కదా" అని పెద్ద సైకిల్ కొంటాం. అందక, ప్రతి తొక్కుకూ సీటు ముక్కు మీదికి జారి తొక్కుతారు, నొప్పంతా అక్కడే. సీటు దించి, ముక్కు సమంగా పెట్టించి, ముందుకు జరిపించండి. అప్పటికీ అందకపోతే సైకిలే మార్చాలి. బహిష్టు రోజుల్లోనూ తొక్కొచ్చు, ప్యాడ్ కదలకుండా బిగుతైన లోదుస్తులు ఉంటే చాలు, తడిసిన ప్యాడ్‌తో ఎక్కువసేపు తొక్కనివ్వద్దు.

పక్కింటామె అన్నది ఏ పొర గురించో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కన్నెపొర పుట్టుకతోనే ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, దాన్ని చూసి ఒక అమ్మాయి గురించి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు. కన్యత్వ పరీక్షలకు వైద్యపరంగా ఏ ఆధారమూ లేదని, వాటిని ఆపేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో ఐక్యరాజ్యసమితి సంస్థలతో కలిసి చెప్పింది. లేని భయానికి పాప చదువును తాకట్టు పెట్టకండి. మన పక్కనే తమిళనాడులో, పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్లకు సైకిల్ నేర్పించారు. కూలికి పోయేవాళ్లు, క్వారీల్లో పనిచేసేవాళ్లు వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు, ముందు బారు మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని వాటినే ఇష్టపడిన తల్లులూ ఉన్నారు. అప్పటి ఆ తల్లుల పిల్లలకు ఇప్పుడు పిల్లలు. మీరు నిద్రపోండి.

ప్రశ్న: నాకు 57 ఏళ్లు, కర్నూలు. రిటైరయ్యాక లేడీస్ సైకిల్ కొనుక్కుని పొద్దున్నే కేసీ కెనాల్ గట్టు వైపు పోయి వస్తున్నా. వెడల్పాటి స్ప్రింగుల సీటు. "రేసు సైకిల్ సీటులాంటిది గట్టిగా ఉండేదే మంచిది" అని మా అబ్బాయి మార్చేశాడు. అప్పటి నుంచి నొప్పి, మంట, రెండు సార్లు కొంచెం రక్తపు మరక కూడా కనిపించింది. వయసు వల్లనేనా?

జవాబు: అక్కా, ముందుగా ఆ రక్తపు మరక. బహిష్టులు ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా, అది సీటు వల్లనే అనిపించినా సరే, డాక్టర్‌కు చూపించాల్సిందే. ఈ సంచిక చదవగానే అపాయింట్‌మెంట్ తీసుకోండి, మిగతావన్నీ తర్వాత.

మీ పాత సీటే మీకు సరైనది. మీ అబ్బాయి ప్రేమతోనే చేశాడు, కానీ రేసు సీటు ముందుకు బాగా వంగి తొక్కేవాళ్లది. నిటారుగా కూర్చుంటే బరువంతా వెనక్కే వస్తుంది, అప్పుడు వెడల్పు కావాలి, గుంతల రోడ్డుకు స్ప్రింగులు కావాలి. పైన అంత రాశాను కదా మరీ మెత్తనిది వద్దని, స్ప్రింగు సీటు వేరు, దూదిలాంటి జెల్ వేరు. పైన గట్టిగా ఉండి కింద స్ప్రింగులు ఉంటే ఎముకలు దిగబడవు, అదురు మాత్రం తగ్గుతుంది. పాతది పారేయలేదు కదా? మళ్లీ బిగించమనండి.

వయసు సంగతికొస్తే, బహిష్టులు ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గి అక్కడి చర్మం పల్చబడుతుంది, పొడిబారుతుంది, చిన్న ఒరిపిడికే మంటపుడుతుంది. దానికి మందులున్నాయి, రాసుకునే క్రీములున్నాయి, గైనకాలజిస్టును సిగ్గుపడకుండా అడగండి, వాళ్లు రోజూ చూసేదే. సబ్బుతో లోపల కడుక్కోవడం ఆపేయండి, అది ఇంకా ఆరబెడుతుంది. నయమయ్యాక తప్పకుండా మళ్లీ ఎక్కండి. ఎండ ఎక్కకముందు గట్టు మీద గాలి ఎంత బాగుంటుందో నాకు తెలుసు.

ప్రశ్న: మేడమ్, ప్రొద్దుటూరు. నా భార్య పుట్టినరోజుకు మంచి లేడీస్ సీటు కొని సర్‌ప్రైజ్ ఇవ్వాలనుకుంటున్నా. ఏ కంపెనీది కొనాలి?

జవాబు: మీ మనసు మంచిది, కానీ సీటు విషయంలో సర్‌ప్రైజ్ వద్దు తమ్ముడూ. మీ చెప్పుల కొలత ఆమె ఊహించి తెస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కంపెనీ పేరు కంటే కొలత ముఖ్యం, డబ్బా మీద లేడీస్ అని రాసి, గులాబీ రంగు వేసినంత మాత్రాన ఆమెకు సరిపోదు. మొదటి జవాబులోని అట్టముక్క పని ఆమెను చేయమనండి, మీరు కొలత రాసుకోండి, ఇద్దరూ కలిసి షాపుకు పోండి. ఆమె రెండు మూడు సీట్లు బిగించి తొక్కి చూసేదాకా షాపతనికి ఓపిక ఉండేలా మీరు పక్కన నిలబడండి. వారం తర్వాత "నొప్పి ఉందా, ఎక్కడ ఉంది" అని అడగండి, ఆమె చెప్పినచోటును బట్టి ముక్కు దించడమో ఎత్తు మార్చడమో మీరే పానా పట్టుకుని చేసివ్వండి.